పార్కు గోడ కన్నా ముందు ఇసుక సంగతి చూడాలి

సంపాదకులకు నమస్కారం.

విశాఖపట్నం రామకృష్ణా బీచ్‌ను ఆనుకుని ఉన్న పిల్లల పార్కు దగ్గర 2022 డిసెంబరులో నేల కుంగి, సముద్రం వైపు ప్రహరీ కూలిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అంతకు ఎనిమిదేళ్ల ముందు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊరి మీదుగానే తీరం దాటిన తరువాత కూడా ఈ బీచ్ తీవ్రంగా కోతకు గురైంది. కోత పడిన ప్రతిసారీ మనం బండరాళ్లు తెచ్చి పోస్తాం, గోడ మళ్లీ కడతాం, పైన కొత్త పలకలు పరుస్తాం. ఈ పద్ధతిలో మరమ్మతు ఎన్నిసార్లు చేసినా నిలవదనీ, నడకదారిని శాశ్వతంగా నిలబెట్టాలంటే పని ఇసుక దగ్గర మొదలుకావాలనీ మీ పత్రిక ద్వారా విన్నవించడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మన తూర్పు తీరంలో ఇసుక ఒకచోట కదలకుండా ఉండదు. ఏడాదిలో ఎక్కువ కాలం, ముఖ్యంగా నైరుతి రుతుపవనాల నెలల్లో, ఏటవాలుగా వచ్చే అలలు దాన్ని ఒడ్డు వెంట దక్షిణం నుంచి ఉత్తరానికి నడిపిస్తాయి. ఈశాన్య రుతుపవనాల కాలంలో కొంత వెనక్కి వచ్చినా, లెక్క చూస్తే ఉత్తరానికి వెళ్లేదే ఎక్కువ. ఈ దారికి అడ్డంగా మన నౌకాశ్రయం ఉంది. 1933లో లోపలి హార్బరు ప్రారంభమైంది. 1970లలో బయటి హార్బరు కోసం సముద్రంలోకి పొడవైన రాతికట్టలు కట్టారు. దక్షిణం నుంచి వచ్చే ఇసుక ఆ కట్టల దగ్గర ఆగిపోతుంది. హార్బరు దాటగానే ఉత్తరాన ఉన్నది మన బీచే కాబట్టి అలలు ఇక్కడి ఇసుకను యథాప్రకారం తీసుకుపోతాయి, దాని స్థానంలోకి రావలసినది మాత్రం రాదు. నౌకాశ్రయం ఈ నగరానికి అన్నం పెట్టింది, దాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కట్టల దగ్గర పేరుకున్న ఇసుకను డ్రెడ్జర్లతో తోడి బీచ్‌కు చేర్చే ఏర్పాటు కూడా ఉన్నది. ఆ ఏర్పాటు ఏడాది తప్పకుండా, తగినంత మోతాదులో, తుపాన్ల కాలం రాకముందే పూర్తి కావాలన్నది నా మొదటి మనవి. బీచ్ వెడల్పుగా ఉంటే అల ఆ ఇసుక మీదే విరిగి నీరసిస్తుంది, పార్కు గోడ దాకా రాదు.

ఇక గోడ విషయం. నిటారుగా కట్టిన కాంక్రీటు గోడ చూడటానికి బలంగా కనిపిస్తుంది. కానీ దాన్ని కొట్టిన అల వెనక్కి తిరిగి గోడ పాదం దగ్గరి ఇసుకనే తవ్వుకుపోతుంది. పాదం బయటపడ్డాక గోడ వెనక నింపిన మట్టి, ఇసుక సందుల్లోంచి నీటితోపాటు కొద్దికొద్దిగా బయటికి జారుతాయి. పైన పలకలు చెక్కుచెదరకుండానే ఉంటాయి, అడుగున మాత్రం బోలు ఏర్పడుతుంది. ఉదయం నడకకు వచ్చే పెద్దవాళ్లూ, సాయంత్రం ఉయ్యాల కోసం పరుగెత్తే పిల్లలూ ఆ బోలు మీదే తిరుగుతుంటారు. ఇందులో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా భయపెట్టేది ఇదే. దీనికి తోడు పార్కు లోపలి వాననీరు, గడ్డికి పెట్టే నీరు గోడ వెనక చేరి దాన్ని సముద్రం వైపు నెడతాయి. సముద్రం ముందు నుంచి తవ్వుతూ ఉండగా నీరు వెనక నుంచి తోస్తూ ఉంటే ఎంత మందం గోడైనా ఎన్నాళ్లు ఆగుతుంది?

కాబట్టి పైపైన పూడ్చకుండా, కుంగిన భాగాన్ని పూర్తిగా తవ్వి కిందనుంచి కట్టుకురావాలి. ఇసుకను ఆపి నీటిని మాత్రం పోనిచ్చే జియోటెక్స్‌టైల్ వస్త్రం ముందుగా పరచి, దానిమీద చిన్నరాయి, ఆపైన పెద్దరాయి వరుసలుగా పేర్చి, ముఖాన్ని వాలుగా ఉంచాలి. కట్ట పాదాన్ని బీచ్ అత్యంత దిగువకు కోసుకుపోయే మట్టం కన్నా లోతుకు దించాలి. గోడ ఉన్నచోట నీరు బయటికి పోయే రంధ్రాలు, వాటి వెనక వడపోత పొర తప్పనిసరి. వీలున్న మేరకు నడకదారిని కొన్ని మీటర్లు పార్కు లోపలికి జరపడం మంచిది. అలా వదిలిన ముందు పట్టీలో సిమెంటు పోయకుండా బాలబంద తీగనూ, రావణాసురుని మీసాల గడ్డినీ పెరగనిస్తే అవి గాలికి లేచే ఇసుకను పట్టి ఉంచుతాయి. స్థలం తగ్గిపోతుందని కొందరికి అభ్యంతరం ఉండవచ్చు. సముద్రం తనంతట తాను తీసుకునేదాకా ఆగడం కన్నా మనమే ఆలోచించి వదలడం మేలని నేను నమ్ముతున్నాను.

సముద్రంలోకి అడ్డుకట్టలు వేస్తే సరిపోతుందనే మాట కూడా తరచు వినిపిస్తుంది. అడ్డుకట్ట తన దక్షిణాన ఇసుకను నిలుపుతుంది, ఉత్తరాన ఉన్నవారికి అందవలసిన ఇసుకను ఆపుతుంది. మన పార్కును కాపాడుకోవడానికి పెద జాలరిపేటలో పడవలు లాగే ఒడ్డును పోగొట్టడం న్యాయం కాదు. అలాంటి ప్రతిపాదన ఏది వచ్చినా ముందుగా ఆ మత్స్యకారులను కూర్చోబెట్టుకుని మాట్లాడాలి. పుదుచ్చేరి అనుభవం మనకు పనికివస్తుంది. 1980లలో అక్కడ హార్బరు కట్టలు కట్టాక పట్టణం ముందున్న బీచ్ కరిగిపోయింది. ఒడ్డంతా బండరాళ్లు పేర్చి రోడ్డును కాపాడుకున్నారు గానీ దశాబ్దాలపాటు అక్కడ కాలు పెట్టడానికి ఇసుక లేకపోయింది. ఆ తరువాత నీటి అడుగున కృత్రిమ దిబ్బను నిలిపి, హార్బరులో తోడిన ఇసుకను ఒడ్డుకు చేర్చాకనే కొంత బీచ్ తిరిగి వచ్చింది. అక్కడి దిబ్బను ఇక్కడ యథాతథంగా దింపమని నేను కోరడం లేదు, మన అలలు వేరు, మన సముద్రపు లోతు వేరు. ఆ పరిశీలన చేయగల జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం మన ఊళ్లోనే ఉంది, సముద్రాన్ని చదివిన ఆచార్యులు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉన్నారు.

టెండరు పిలిచే ముందే ఆ పరిశీలన చేయించి, దాని నివేదికను తెలుగులో ప్రజల ముందు ఉంచవలసిందిగా అధికారులను కోరుతున్నాను. రుతుపవనాలకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి బీచ్ వెడల్పు కొలిచి, ఆ కొలతలనూ, ఆ ఏడాది ఎంత ఇసుక పోశారో ఆ లెక్కనూ పార్కు ద్వారం దగ్గర బోర్డు మీద రాయించాలి. అప్పటివరకు కుంగుదల అనుమానం ఉన్న భాగంలో పలకల కింద పరీక్షించి, బోలు తేలినచోట పిల్లలు వెళ్లకుండా వెంటనే కంచె వేయించాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
పాండురంగాపురం, విశాఖపట్నం.