రక్తపిశాచాల గొడవ ఇంకా తెగలేదు మామా

కర్నూలు

ఒరేయ్ మామా,

ఎట్లున్నావు? అమ్మకు మోకాళ్ళ నొప్పులు తగ్గినాయా? ఇక్కడ ఎండలు మొదలైపోయాయి, తుంగభద్రలో బండలు తేలి కనపడుతున్నాయి.

ఆ రోజు ఫోన్లో "ట్వైలైట్ నవలలు రాసినామె రక్తపిశాచాల పరువు తీసింది, ఎండలో తళతళలాడేది పిశాచమేందిరా" అని కోపంగా పెట్టేశావు. దానికి జవాబు ఫోన్లో కుదరదని ఉత్తరం రాస్తున్నా.

నీ మాట ఆదివారం బురుజు దగ్గర టీ కొట్టులో మన పుస్తకాల వాళ్ళ ముందు పెట్టాను. రిటైరైన ఇంగ్లీషు మాస్టారు నీ వైపే. డ్రాకులా ఒక్కటే అసలుదంట, తర్వాతవన్నీ నకళ్ళంట. మా పక్కింటి అమ్మాయి, డిగ్రీ చదువుతోందే, ఆ పిల్ల ఊరుకోలేదు. "ఎండ తగిలితే బూడిదైపోతాడని డ్రాకులాలో ఎక్కడుంది సార్?" అని అడిగింది. నిజంగానే లేదు మామా! 1897లో స్టోకర్ రాసిన ఆ నవలలో కౌంట్ డ్రాకులా పట్టపగలు లండన్ వీధిలో కనపడతాడు. పగటిపూట శక్తులు తగ్గుతాయి, అంతే. ఎండకు చావడమనేది 1922 నాటి నొస్ఫెరాటు సినిమా నుంచి వచ్చింది. 1819లో అచ్చయిన పాలిడోరి అనే రచయిత రక్తపిశాచం కథలోనైతే చచ్చిన పిశాచాన్ని వెన్నెల లేపుతుంది. ఎవరి కట్టుబాట్లు వాళ్ళు రాసుకున్నారు. 2005లో ట్వైలైట్ రాసిన స్టెఫనీ మేయర్ కూడా తనవి రాసుకుంది. ఆ మెరుపుల కోసం ఆమెను తిట్టడం న్యాయం కాదు.

నాకు ఆమె మీద ఉన్న కోపం వేరు. చివరి పుస్తకంలో నాయిక బెల్లా రక్తపిశాచంగా మారగానే అందం, బలం, మొగుడు, బిడ్డ అన్నీ దొరుకుతాయి. దాహం మాత్రం ఆమెను పెద్దగా బాధపెట్టదు. కొత్తగా మారినవాళ్ళు ఆకలికి పిచ్చెక్కి తిరుగుతారని అంతదాకా చెప్పి, అసలు నాయిక దగ్గరకొచ్చేసరికి వదిలేసింది. ఆకలి లేని రక్తపిశాచం కథ నాకు వద్దు మామా. వాళ్ళను మనుషుల నుంచి వేరు చేసేదీ, మనకు దగ్గర చేసేదీ ఆ ఆకలే. అయినా మా పక్కింటి పిల్ల చెప్పిన మాట కూడా నీకు చెప్పాలి. బెల్లాను ప్రేమించిన రక్తపిశాచం ఎడ్వర్డ్ క్షణక్షణం తనను తాను ఆపుకోవడమే తనకు నచ్చిందంట. అది ఆకలి గురించిన మాటే కదా!

ట్వైలైట్‌లో వాళ్ళను జంతువుల రక్తం తాగే పిశాచాలని నువ్వు ఎగతాళి చేశావే, 1976లోనే యాన్ రైస్ రాసిన నవలలో లూయీ అనే రక్తపిశాచం ఎలుకల రక్తం తాగి బతికాడు, మనుషుల్ని చంపలేక. నా లెక్కలో ఈ రచయితలందరిలో ఆమెదే పెద్దపీట. అదే నవలలో క్లాడియాను తలుచుకుంటే ఇప్పటికీ గుండె పట్టేస్తుంది. అయిదేళ్ళ పిల్లను రక్తపిశాచంగా మార్చేస్తారు. ఏళ్ళు గడిచేకొద్దీ మనసు ఆడదానిగా ఎదుగుతుంది, ఒళ్ళు మాత్రం ఆ అయిదేళ్ళ బొమ్మలాగే ఉండిపోతుంది. రైస్ కూతురు 1972లో ల్యుకేమియాతో పోయింది, ఆరేళ్ళు కూడా నిండలేదు. అది తెలిశాక ఆ పేజీలు మళ్ళీ చదివాను. చావు లేకపోవడం వరం అనుకునే వాళ్ళందరికీ ఆ తల్లి రాసిన జవాబు అది. మాస్టారు ఈ మాట విని చాలాసేపు ఏమీ అనలేదు, పుస్తకం మాత్రం అడిగి తీసుకుపోయాడు.

డ్రాకులాను తక్కువ చేస్తున్నానని అనుకోవద్దు. డైరీలు, ఉత్తరాలు, టెలిగ్రాములతో అల్లిన ఆ పద్ధతి నాకూ ప్రాణం. అందరూ రాస్తారు, కౌంట్‌కు మాత్రం తన కథ చెప్పుకునే చోటు ఉండదు. అందుకే భయమేస్తుంది. డ్రాకులా కోట ఉన్న ట్రాన్సిల్వేనియాకు ఎప్పుడూ పోకుండా, చదివినదాని మీదే ఆ కొండల్ని కట్టినవాడు స్టోకర్. కానీ అతనికి పాతికేళ్ళ ముందే, 1872కల్లా లెఫాన్యూ అనే రచయిత కార్మిల్లా అనే రక్తపిశాచం కథ రాసేశాడు. దాన్ని నువ్వింకా చదవలేదు. చదువు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మన సీమలో ఎవరూ ఎందుకు రాయరాదు? నెత్తురు కథంటే మళ్ళీ కత్తులు, సుమోలేనా అని మాస్టారు విసుక్కున్నాడు. నేననేది అది కాదు. 1876లో మొదలైన ధాత కరువు మన కర్నూలును ఎట్లా ఊడ్చేసిందో నీకు తెలుసు. జనం గింజ దొరక్క దారుల్లో పడి చస్తుంటే, తను మాత్రం చావలేని ఒకడు వాళ్ళ మధ్య తిరిగి ఉంటే? ఎండిపోయిన ఆ మనుషుల మీద పడి తాగాలా, ఆపుకోవాలా? వాడు ఇంకా బతికే ఉండి, ఇప్పుడు ఏ పత్తికొండ పక్కనో మనకు ఆ సంగతంతా చెబితే?

నువ్వే రాయాలి మామా. నీకు కథ నడిపే చెయ్యి ఉంది, మీ అవ్వ చెప్పిన కరువు మాటలు నీకు గుర్తున్నాయి. మొదటి అధ్యాయం అయ్యాక పంపు, ఇక్కడ అందరికీ చదివి వినిపిస్తాను. కార్మిల్లా పోస్టులో పంపుతున్నా, పిల్లలకు దొరకకుండా పైన పెట్టుకో.

నీ
మామ