సాగదీస్తే వైడ్‌స్క్రీన్ కాదు

సంపాదకులు గారికి నమస్కారం.

గత ఆదివారం మీ టెక్నాలజీ పేజీలో పాత ప్లేస్టేషన్ 2 గేములను కంప్యూటర్‌లో ఎమ్యులేటర్ (ఆ గేము యంత్రంలా పనిచేసే సాఫ్ట్‌వేర్) వేసుకుని ఆడటం గురించి రాశారు. చాలా సంతోషం. కానీ పక్కన నల్ల పట్టీలు వస్తే యాస్పెక్ట్ రేషియో (బొమ్మ వెడల్పుకూ ఎత్తుకూ ఉన్న నిష్పత్తి) 16:9 పెట్టుకోండి, టీవీ నిండుతుంది అన్న సలహా తప్పు. అది చదివి మా అబ్బాయీ అలాగే పెట్టాడు.

నేను తెనాలిలో ముప్పయ్యేళ్లుగా టీవీలు రిపేరు చేస్తున్నాను. పిక్చర్ ట్యూబు రోజుల్లో పని అయ్యాక పరీక్ష బొమ్మ చూపించే ప్యాటర్న్ జనరేటర్ తగిలించి, తెర మీది సున్నా గుండ్రంగా వచ్చేదాకా హైటు, విడ్తు సరిచేసేవాణ్ని. అది కుదరకుండా ఏ సెట్టునూ షాపు దాటనివ్వలేదు. మావాడు కార్ల రేసు ఆడుతుంటే నా కళ్లు ముందు చక్రాల మీదకే పోయాయి. కోడిగుడ్లలా ఉన్నాయి.

ఆ గేములు చాలావరకు 4:3 తెర కోసం చేసినవి. అదే బొమ్మను 16:9కి లాగితే అడ్డంగా మూడోవంతు సాగుతుంది. మనుషులు లావవుతారు తప్ప రోడ్డు ఒక్క అడుగు కూడా ఎక్కువ కనబడదు.

3డీ గేము తన లోకాన్ని తెర మీదకు తెచ్చేటప్పుడు వెడల్పును ఒక అంకెతో గుణిస్తుంది. ఆ అంకెను ముప్పావుకు తగ్గిస్తే, పక్కల ఇంకాస్త దృశ్యాన్ని కలుపుకుని అదే చట్రంలో నొక్కి గీస్తుంది. అప్పుడు 16:9కి సాగదీస్తే నొక్కిందానికీ సాగిందానికీ చెల్లు, చక్రం గుండ్రంగా వస్తుంది. వైడ్‌స్క్రీన్ డీవీడీల్లోనూ బొమ్మను ఇలాగే నొక్కి పెట్టేవారు. పీసీఎస్‌ఎక్స్2 అనే ప్లేస్టేషన్ 2 ఎమ్యులేటర్‌లో వైడ్‌స్క్రీన్ ప్యాచ్, అంటే ఆ అంకెను మార్చే చిన్న సవరణ, చేసేది ఇదే. ఆ అంకె ఒక్కో గేము మెమరీలో ఒక్కో చోట ఉంటుంది. అమెరికా డిస్కుకు రాసిన ప్యాచ్ యూరప్ డిస్కుకు పనిచేయకపోవచ్చు. అంత ఓపికగా వెతికి పెట్టినవాళ్లకు దండం పెట్టాలి.

అంటే ముందు ప్యాచ్ ఆన్ చేయాలి, ఆ తర్వాతే 16:9. మీరు రెండోది మాత్రమే చెప్పారు. గ్రాన్ టురిస్మో 4, గాడ్ ఆఫ్ వార్ 2 లాంటివాటికి ప్యాచ్ కూడా అక్కర్లేదు, గేము ఆప్షన్లలోనే వైడ్‌స్క్రీన్ ఉంది.

ప్యాచ్‌తోనూ కొన్ని చిక్కులున్నాయి. 4:3 అంచు దాటినవాటిని కొన్ని గేములు అసలు గీయవు, అందుకని పక్కల చెట్లు, స్తంభాలు ఉన్నట్టుండి ఊడిపడతాయి. స్పీడోమీటరు, మ్యాపు లాంటివి తెర మీద అతికించిన బొమ్మలు కాబట్టి విడిగా సరిచేయకపోతే కోలగానే ఉంటాయి. ఫైనల్ ఫాంటసీ 7 (1997) లాంటి ప్లేస్టేషన్ 1 గేముల్లో వెనక దృశ్యం ముందే తయారుచేసి పెట్టింది. ఎంత గీశారో అంతే.

అలాంటిచోట నల్ల పట్టీలు ఉండనివ్వండి. 1920 పిక్సెళ్ల వెడల్పులో బొమ్మకు 1440 దక్కుతుంది, అటూ ఇటూ 240 చొప్పున పోతుంది. నాకది నష్టంగా అనిపించదు.

హైదరాబాద్‌లో అరోనా టెక్నాలజీస్ వాళ్లు చేసిన హనుమాన్: బాయ్ వారియర్ కూడా 2009లో పీఎస్2కే వచ్చింది. మనవాళ్ల పనిని పిల్లలకు చూపించేటప్పుడు ఆంజనేయుణ్ని సాగదీసి చూపిస్తారేమోనని నా బాధ.

దయచేసి వచ్చే ఆదివారం సవరణ వేయండి. సాగిన చక్రం, సరైన చక్రం రెండింటికీ మావాడు ఫొటోలు తీసి పెట్టాడు. కావాలంటే పంపుతాను.

— ఒక టీవీ మెకానిక్, తెనాలి