ఊడిన అంట్లపీచులు, మార్చిన తీగ, కొత్త బిందె బ్రష్: మా దగ్గర కొన్నవాళ్లందరికీ

వానాకాలంలో మా దగ్గర తీసుకున్న గుండ్రటి అంట్లపీచుల్లోంచి పోగులు ఊడొస్తున్నాయని మీలో చాలామంది చెప్పారు. నిజమే. తప్పు మీ వాడకంలో లేదు, మా తయారీలోనే ఉంది. ఎందుకలా జరిగిందో, ఇప్పుడు ఏం మార్చామో, మీ చేతిలో ఉన్నది మంచిదో కాదో ఎలా తేల్చుకోవాలో ఇక్కడ రాస్తున్నాం. రెండు కొత్త వస్తువులు వస్తున్నాయి, పాతదొకటి ఆపేస్తున్నాం, అంట్లపీచు ధర పెరుగుతోంది. ఆ సంగతులూ ఇందులోనే ఉన్నాయి.

గుండ్రటి అంట్లపీచు లోపల రెండు స్టీలు తీగలుంటాయి. వాటి మధ్య కొబ్బరి పీచును అడ్డంగా పరిచి, ఒక కొస బిగించి, రెండో కొసను మెలితిప్పుతాం. తీగలు ఒకదాన్నొకటి చుట్టుకునేకొద్దీ నడుమ ఉన్న పీచు నలిగి బిగుసుకుని, నాలుగు వైపులా విచ్చుకుంటుంది. జిగురు లేదు, మేకు లేదు. పట్టంతా ఆ మెలికలదే. తర్వాత దాన్ని అరచేతిలో ఇమిడేలా చక్రంలా వంచి కొసలు ముడేస్తాం.

కొబ్బరి పీచు తేమ పీల్చితే లావెక్కుతుంది, ఆరితే సన్నబడుతుంది. వానల్లో గాలి తేమకు ఉబ్బిన పీచునే మేం మెలితిప్పాం. తిప్పిన రోజు చూస్తే గట్టిగానే ఉంది. ఒకటి రెండు వారాలు ఆరేసరికి ఒక్కో పోగూ సన్నబడి, తీగ పట్టు సడలి, తోమినప్పుడల్లా నాలుగేసి పోగులు జారిపోయాయి. దీనికి ఇంకో పొరపాటు తోడైంది. చూడ్డానికి ఒత్తుగా ఉండాలని ఒక్కోదానికి 22 గ్రాముల పీచు దట్టించాం. పొర మందమైతే తీగ తనకు ఆనిన పోగుల్నే పట్టుకుంటుంది. నడుమ పోగులు పక్క పోగుల ఆసరాతో నిలబడతాయే గానీ వాటికి తీగ తగలదు. ముందు ఊడేవి అవే. అవి పోయాక మిగతావాటి చుట్టూ ఖాళీ ఏర్పడి అవీ కదులుతాయి.

ఇప్పుడు ఒక్కోదానికి 16 గ్రాములే పెడుతున్నాం. కాస్త పల్చగా కనిపిస్తుంది, కంగారు పడకండి. పీచును మెలితిప్పే ముందు ప్రతి మూటలోంచి వంద గ్రాములు తీసి, వేడి పెట్టెలో పూర్తిగా ఆరబెట్టి మళ్లీ తూస్తాం. 88 గ్రాములకన్నా తగ్గితే తేమ ఎక్కువున్నట్టే. ఆ మూట మళ్లీ ఆరబెట్టే గదికి వెళుతుంది. మెలికలు కూడా అంగుళానికి రెండు ఉండేవి, మూడు చేశాం. ఇంకా పెంచొచ్చు కదా అని కొందరు అడిగారు. నాలుగు దాటాక తీగే కత్తెరలా పనిచేసి పోగుల్ని నడుమకు కోసేస్తుంది. పట్టు పెరిగిందనుకుంటే రాలడం పెరుగుతుంది.

మీ దగ్గరున్నదాన్ని ఇలా చూడండి. పూర్తిగా ఆరనిచ్చి, ఒకచోట పది పన్నెండు పోగులు బొటనవేలు చూపుడువేలు మధ్య పట్టుకుని బయటికి లాగండి. ఒకటో రెండో వస్తే పర్వాలేదు. మూడుచోట్ల లాగితే ప్రతిచోటా అయిదారు వస్తే అది పనికిరాని సరుకు. ఊడిన పోగును వెలుతురులో పెట్టి చూస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. పొడవాటి పోగుకు సరిగ్గా నడిమిన వెంట్రుకపిన్నులా మడత ఉంటే, అది తీగ పట్టులోంచి జారి వచ్చింది, తప్పు మాది. మడత లేకుండా సెంటీమీటరు లోపు పొట్టి ముక్కలైతే అవి కత్తిరించినప్పుడు మిగిలిన తుంపులు. మొదటి రెండు మూడు రోజులు ఎంత మంచిదాన్నుంచైనా అవి రాలతాయి. కొత్తదాన్ని నీళ్లలో ముంచి అంచు మీద గట్టిగా నాలుగు దెబ్బలు కొడితే చాలావరకు ముందే పోతాయి.

ఇక తుప్పు. మొదట్లో మేం జింకు పూత తీగ వాడేవాళ్లం. పూత తీగ చెడ్డదని కాదు, మెలితిప్పే పనికి అది సరిపోదు. తిప్పుతుంటే జింకు పొర సన్నగా బీటలు వారుతుంది, ఆ బీటల్లోంచి నీళ్లు లోపలి ఇనుముకు చేరతాయి. తర్వాత 202 రకం స్టీలుకు మారాం. ఖర్చు తక్కువ, మెరుపు బాగుంటుంది, కానీ అందులో నికెల్ తక్కువ. ఉప్పు తగిలితే చుక్కచుక్కలుగా తుప్పు ఎత్తుతుంది. ఉప్పు ఎక్కడిదంటే పీచులోంచే. సముద్రం పోటు నీళ్లు వచ్చే తావుల్లో నానబెట్టిన డొక్కల నుంచి తీసిన పీచులో ఉప్పు మిగిలిపోతుంది. కోనసీమలో మంచినీటి కాలవల పక్కన తీసిన పీచులో ఈ బాధ తక్కువ. అన్ని నెలలూ అదే దొరకదు కాబట్టి, ఎక్కడ కొన్నా రెండుసార్లు మంచినీళ్లలో కడిగాకే ఆరబెడుతున్నాం. తీగ ఇప్పుడు నికెల్ ఎక్కువున్న 304 రకం స్టీలు, 1.2 మిల్లీమీటర్లు. ఈ తీగకు స్ప్రింగు గుణం ఎక్కువ, వదిలితే వెనక్కి తిరుగుతుంది. అందుకని అవసరమైనదానికన్నా ఒక చుట్టు ఎక్కువ తిప్పి వదులుతాం. అది చేయకపోతే మూడు మెలికలు రెండున్నరకు వస్తాయి.

అయస్కాంతం పెట్టి చూసి, అంటుకుంటోంది కాబట్టి 304 కాదని కొందరు తిరిగి పంపారు. రేకుగా ఉన్నప్పుడు 304 అయస్కాంతానికి దాదాపు అంటుకోదు. అదే స్టీలును లాగి తీగ చేస్తే, ఆ తీగను మెలితిప్పితే కొద్దిగా అంటుకునే గుణం వస్తుంది. తీగ విషయంలో ఆ పరీక్షను నమ్మకండి. ఒక గ్లాసు నీళ్లలో చెంచా ఉప్పు వేసి పీచును రెండు రోజులు నానబెట్టి, మరో రెండు రోజులు గాలికి ఉంచి, తీగ మీద తుప్పు చుక్కలు ఎత్తాయేమో చూడండి. ఇంకో మాట, గిన్నెల పీచును బ్లీచింగ్ ద్రావణంలో నానబెట్టకండి. 304 తీగకు కూడా దాంతో గుంటలు పడతాయి. వాసన వస్తే వేడినీళ్లు పోసి ఎండలో పెడితే చాలు.

కొత్త పీచు నానితే వచ్చే గోధుమరంగు నీళ్లు మురికి కాదు. కొబ్బరి డొక్కలో ఉండే టానిన్ అది, వగరు రుచి ఇచ్చే పదార్థం. గిన్నెకు హాని లేదు. కానీ ఇనుప పెనం మీద తడి పీచును రాత్రంతా వదిలేస్తే టానిన్ ఇనుముతో కలిసి నల్లటి మచ్చ వేస్తుంది. తెల్ల పాలరాయి గట్టు మీదా మరక పడుతుంది. రెండు రాత్రులు నీళ్లు మారుస్తూ నానబెట్టి వాడితే ఈ గొడవ ఉండదు.

కొత్తగా వస్తున్నవాటిలో బిందె బ్రష్ గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దాని ఆకారం చూసి వంకరపోయింది అనుకునే ప్రమాదం ఉంది. బిందె లోపల అడుగు తోమడం కష్టం కాదు, నిలువు పిడి బ్రష్ ఏదైనా అక్కడికి చేరుతుంది. చేరనిది మెడ కింద భుజం లోపలి వైపు. మెడ నుంచి పొట్ట వరకు వాలుగా దిగే ఆ చోటే పాచి పడుతుంది, ఇత్తడి బిందెల్లో పచ్చటి చిలుము కూడా అక్కడే ఎక్కువ. నిలువు బ్రష్ లోపలికి దించి పైకి లాగితే పిడి మెడ అంచుకు తగిలి ఆగిపోతుంది. బ్రష్ తల భుజానికి ఆనదు. అందుకని తలకు 9 సెంటీమీటర్ల దూరంలో పిడిని వంచాం. మొదట 60 డిగ్రీలు వంచితే భుజానికి బాగా ఆనింది గానీ, మెడలోంచి దూరలేదు. 35 డిగ్రీల దగ్గర రెండూ కుదిరాయి. మెడ లోపలి వెడల్పు 10 సెంటీమీటర్లుంటే సులువుగా దూరుతుంది, 8 ఉంటే కాస్త ఏటవాలుగా పెట్టాలి. అంతకన్నా ఇరుకైన చెంబులకు ఇది పనికిరాదు, కొనకండి. వాడేటప్పుడు బిందెను పక్కకు పడుకోబెట్టి, బ్రష్‌ను కదలనివ్వకుండా పట్టుకుని బిందెనే దొర్లించండి. చెయ్యి నొప్పి పుట్టదు, భుజం చుట్టూ సమంగా తోముడు పడుతుంది. ఇత్తడికి, రాగికి నానబెట్టిన చింతపండు గుజ్జు ముందే పూసి పది నిమిషాలు ఉంచాలి. చిలుమును విడగొట్టేది చింతపండు పులుపు, బ్రష్ పని దాన్ని తుడిచెయ్యడమే. పొడిగా రుద్దితే గీతలు తప్ప ఏమీ రాదు.

దీని కొసన తీగ బయటికి పొడుచుకు రాదు. మామూలు సీసా బ్రష్‌లు కొంత వాడాక కొసన పీచు అరిగి తీగ తేలి, సీసా అడుగును గీస్తుంది. మేం తీగను కొస దగ్గర వెనక్కి మడిచి, ఆ మడతలో ఒక కుచ్చు ముందుకు చూసేలా పెట్టాం. ఆ కుచ్చు అరిగిపోయి తీగ వేలికి తగిలిన రోజున బ్రష్ పని అయిపోయినట్టే.

రెండోది ఇడ్లీ రేకుల బ్రష్. అరగుండ్రంగా, కప్పు బోర్లించినట్టు ఉంటుంది. ఇడ్లీ గుంట అంచుకు, అడుగుకు మధ్య ఉండే వంపులో పిండి ఎండి పట్టుకుంటుంది, చదును పీచు ఆ వంపును తాకకుండా దాటిపోతుంది. ఇందులో పీచు కుచ్చుల్ని చెక్క పలకలో దించి, చివరలను గుంట వంపుకు సరిపడా కత్తిరించాం. గుంటలు ఒక్కో కంపెనీకి ఒక్కో కొలత. అందరికీ సరిపోయేలా కాక, చిన్న గుంటకు సరిపోయేలా 6.5 సెంటీమీటర్లకు చేశాం. పెద్ద గుంటల్లో దాన్ని గుండ్రంగా తిప్పుతూ వాడాలి. గుంట అడుగున రంధ్రాలున్న రేకులకు నడిమి కుచ్చు రెండు మిల్లీమీటర్లు పొడవుగా వదిలాం, పోగులు రంధ్రాల్లోకి దిగుతాయి. రేకులు తీసిన వెంటనే పది నిమిషాలు చన్నీళ్లలో ముంచడం మరిచిపోకండి. వేడినీళ్లు పోస్తే మిగిలిన పిండి ఇంకా అతుక్కుంటుంది.

బీరపీచు పలకల్లో మారింది కుట్టు ఒక్కటే. నేతిబీర కాయల పీచు బాగానే ఉంది, ముందు తెగేది నూలు దారం. కుట్లు దగ్గర దగ్గరగా వేస్తే గట్టిగా ఉంటుందనుకున్నాం, కానీ సూది పోట్లు వరసగా పడి పీచు ఆ గీత వెంబడి చిరిగింది. ఇప్పుడు మూడు పేటల దారంతో, అంచుకు 6 మిల్లీమీటర్ల లోపల, కుట్టుకు కుట్టుకు 5 మిల్లీమీటర్లు వదిలి రెండు వరసలు వేస్తున్నాం. పాలియెస్టర్ దారం అయితే ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది, కానీ మట్టిలో కలవదు. అందుకే వాడటం లేదు. తెల్లగా ఎందుకుండదని అడిగేవాళ్లకు: బ్లీచింగ్ చేస్తే తెల్లబడుతుంది, పోగు పెళుసై ముందే విరుగుతుంది.

అంట్లపీచు అట్ట మీద "నాన్‌స్టిక్ పెనాలకూ వాడవచ్చు" అని ఉండేది. ఆ మాట తీసేశాం. కొబ్బరి పీచుతో భయం లేకపోయినా, లోపలి తీగ ముడి ఒక్కసారి తగిలినా పూత మీద గీత పడుతుంది. పాత అట్ట మీది మాట పట్టించుకోకండి. నాన్‌స్టిక్‌కూ, పూత ఉన్న గుంతపొంగనాల పెనానికీ బీరపీచు వాడండి. మాడిన స్టీలు గిన్నెకు రెండు చెంచాల వంట సోడా వేసి నీళ్లు మరిగించి, చల్లారాక అంట్లపీచుతో తోమితే సరిపోతుంది. అల్యూమినియం గిన్నెకు మాత్రం సోడా వద్దు, నల్లబడుతుంది. దానికి చింతపండు నీళ్లే మరిగించండి.

చెక్కపిడి సీసా బ్రష్ ఆపేశాం. పిడి కొసన తీగ దించిన రంధ్రంలోకి నీళ్లు దిగేవి. చెక్క అడ్డకోత వైపునుంచే ఎక్కువ నీళ్లు తాగుతుంది. నూనె పట్టించినా ఆ రంధ్రం లోపలికి సరిగా చేరలేదు, కొన్ని నెలలకు పిడి నిలువునా పగిలేది. ఇప్పటికే కొన్నవాళ్లు దాన్ని గ్లాసులో నిలబెట్టకుండా, పీచు కిందికి ఉండేలా వేలాడదీస్తే నీళ్లు పిడి వైపు పోవు, ఎక్కువ కాలం ఉంటుంది. పగలని పిడి తయారు చేయడం కుదిరేవరకు ఆ రకం అమ్మం. ఇడ్లీ బ్రష్ పలక కూడా చెక్కే కదా అంటారేమో. అందులో కుచ్చులు దిగే వైపు పలక అడ్డకోత కాదు, పైగా పీచు కిందికి పెట్టి ఆరబెట్టేలా కొక్కెం ఇచ్చాం.

గుండ్రటి అంట్లపీచు 45 రూపాయలుండేది, 60 అయింది. పీచు తగ్గించి ధర పెంచారేమిటని అడగడం న్యాయమే. 304 తీగ, రెండు కడుగుళ్లు, ఆరబెట్టే గది కరెంటు, ఈ మూడింటి ఖర్చు తగ్గిన ఆరు గ్రాముల పీచుకన్నా చాలా ఎక్కువ. బిందె బ్రష్ 140, ఇడ్లీ బ్రష్ 90. బీరపీచు ధర మారలేదు.

వానాకాలపు సరుకు పైన చెప్పిన పరీక్షలో ఓడిపోతే, ఊడిన పోగులు నడుమ మడత కనిపించేలా ఒక ఫోటో తీసి పంపండి. బిల్లు అక్కర్లేదు. కొత్తది పంపుతాం, పోస్టు ఖర్చు మాదే. పాతదాన్ని మాకు తిరిగి పంపనక్కర్లేదు. కొసల ముడి పటకారుతో విప్పి మెలికలు వెనక్కి తిప్పితే పీచంతా ఊడి వస్తుంది. అది పూలకుండీలో మట్టి మీద పరచండి, తీగ పాత ఇనుము కొనేవాళ్లకు వెయ్యండి. జింకు పూత తీగ ఉన్నదైతే విప్పేటప్పుడు పెళుసై విరగొచ్చు, చేతికి గుడ్డ చుట్టుకోండి.