సంజె వెలుగులో గ్రహాలు: 2025 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

2025 జనవరి నుంచి డిసెంబరు వరకు విశాఖపట్నంలో మన సంఘం చేసిన ఆకాశ పరిశీలనల వివరాలను కార్యదర్శిగా మీ ముందు ఉంచుతున్నాను. జమాఖర్చుల పట్టిక కోశాధికారి విడిగా పంపారు కనుక ఆ లెక్కలు ఇక్కడ రాయడం లేదు. ఈ ఏడాది మన పని చాలావరకు పొద్దుగూకిన తర్వాత గంటలోను, తెల్లవారడానికి ముందు గంటలోను సాగింది. బాగా చీకటి పడితే గాని ఆకాశంలో చూడడానికి ఏమీ ఉండదని అనుకునేవారు మనలోనే చాలామంది ఉండేవారు. ఆ అభిప్రాయం మారడమే ఈ ఏడాది మన పెద్ద ఫలితమని నమ్ముతున్నాను.

జనవరిలో గ్రహాల కవాతు అంటూ వార్తలు రావడంతో ఫోన్లు ఆగలేదు. గ్రహాలన్నీ గీత గీసినట్టు నిలబడతాయని చాలామంది ఎదురుచూశారు. గ్రహాలు ఎప్పుడూ సూర్యుడు నడిచే దారి పక్కనే ఉంటాయి కాబట్టి వరుసలో కనిపించడం వింత కాదని, శుక్రుడు, శని, గురుడు, కుజుడు ఒకే సాయంత్రం కంటికి అందడమే అసలు అవకాశమని అడిగిన ప్రతివారికీ చెప్పాం. జనవరి 3న నెలవంక పక్కన శుక్రుణ్ణి, 18న శుక్రుడికి సుమారు రెండు డిగ్రీల దూరంలో శనిని చూశాం. చేయి చాచి పట్టుకుంటే చిటికెన వేలి వెడల్పు ఒక డిగ్రీ, పిడికిలి పది డిగ్రీలు. ఈ కొలత నేర్చుకున్న పిల్లలు ఇప్పుడు మనకంటే వేగంగా గ్రహాలను పట్టేస్తున్నారు.

మన ఊరికి తూర్పున సముద్రం, పడమట కొండలు. అందుకే సాయంత్రాలకు సముద్రతీరం పనికిరాలేదు. ఒక సభ్యుడు తన అయిదంతస్తుల మేడను మనకు ఇచ్చారు. ఆ మేడ మీదే జనవరి నుంచి మార్చి దాకా ఆరంగుళాల టెలిస్కోపులో శుక్రకళలను గమనించాం. జనవరి 10 ప్రాంతంలో శుక్రుడు సరిగ్గా అర్ధచంద్రుడిలా ఉన్నాడు. మార్చి మొదటివారానికి బింబం రెండింతలు పెరిగి, వెలుగు మాత్రం సన్నని కొడవలిగా మిగిలింది. మనకు దగ్గరవుతున్న కొద్దీ పెద్దగా కనిపిస్తాడు, కానీ వెలుగు పడే వైపు మన నుంచి తప్పుకుంటుంది. చీకటి పడ్డాక చూసినవారికి మిరుమిట్లు తప్ప ఆకారం సరిగా తెలియలేదు. ఆకాశం ఇంకా నీలంగా ఉండగా చూసినవారికి కొడవలి కొనలు కూడా స్పష్టంగా కనిపించాయి. శుక్రుణ్ణి చూడవలసిన వేళ సంజె వేళే.

మార్చి 8, శనివారం. బుధుడు సూర్యుడికి తూర్పుగా గరిష్ఠంగా 18 డిగ్రీల దూరం జరిగిన రోజు, అంటే సూర్యుడు దిగిన తర్వాత కూడా పడమట కాసేపు నిలిచే రోజు. సూర్యాస్తమయమైన అరగంటకు అందరం గోడ వెంబడి నిలబడ్డాం. శుక్రుడికి ఎడమవైపు కిందుగా, పిడికిలి కన్నా కాస్త తక్కువ దూరంలో వెతకమని చెప్పాం. ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి ముందు బైనాక్యులర్‌లో పట్టుకుని, తర్వాత దాన్ని పక్కన పెట్టి, "అదిగో, కొబ్బరి మొవ్వు పైన" అంది. లేత నారింజ రంగు ఆకాశంలో మిణుకుమనని చిన్న చుక్క. నీళ్ల ట్యాంకు పక్కన కుర్చీలో కూర్చున్న వాళ్ల మామ్మగారు లేచి వచ్చి, మనవరాలి వేలి వెంబడి చాలాసేపు చూసి, "ఇన్నేళ్లుగా గుళ్లో ఈయన చుట్టూ తిరుగుతున్నాను, ఇవాళ కనిపించాడు" అన్నారు. ఆ తర్వాత కొద్దిసేపు ఎవరూ మాట్లాడలేదు.

అదే నెలలో ఒక పొరపాటు జరిగింది. సూర్యుడి అంచు ఇంకా కొండ మీద ఉండగానే కొత్త సభ్యుడొకరు బైనాక్యులర్‌తో పడమర వెతకబోయారు. పక్కవారు చేయి పట్టి ఆపారు కాబట్టి కన్ను దక్కింది. ఆనాటి నుంచి సూర్యుడు పూర్తిగా అస్తమించే వరకు పరికరాలు పెట్టెల్లోనే ఉంటున్నాయి. తెల్లవారుజామున సూర్యోదయానికి పావుగంట ముందే వాటిని మూసేస్తున్నాం. ఈ నియమానికి మినహాయింపు లేదు.

ఆగస్టులో, తెల్లవారుజామున వేగుచుక్కగా కనిపిస్తున్న శుక్రుడి పక్కకు గురుడు వచ్చాడు. 12వ తేదీ తెల్లవారుజామున ఇద్దరి మధ్య ఒక డిగ్రీ కూడా లేదు. వానాకాలపు మబ్బులు మధ్యలో కొద్ది నిమిషాలే తెరిపి ఇచ్చాయి. ఒడ్డున వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన, నాలుగు రోజులుగా ఈ రెండు చుక్కలూ దగ్గరవుతున్నాయని, మనం ఏమీ చెప్పకముందే చెప్పారు. మనలో ఎవరూ ఆ నాలుగు రోజులూ చూడలేదు. సెప్టెంబరు 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణానికీ తీరానికి వెళ్లాం.

డిసెంబరు 7, ఆదివారం బుధుణ్ణి ఈసారి తెల్లవారుజామున తూర్పు ఆకాశంలో చూశాం. రేవు బయట లంగరు వేసిన ఓడల దీపాలు నీటి అంచున వరుసగా ఉంటాయి. వాటిలో ఒకటి పైకి లేస్తుంటే అది దీపం కాదు, గ్రహం. పొగమంచు పొరలో ఎర్రగా ఉన్న చుక్క పావుగంటలో తెల్లబడింది.

డిసెంబరు 9న జరిగిన సమావేశంలో మన ఊరి వారిని తలచుకున్నాం. 1874లో అదే తేదీన శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటుతుండగా, డాబాగార్డెన్స్‌లో గోడే వెంకట జగ్గారావు నెలకొల్పిన వేధశాల నుంచి ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు పరిశీలించారు. ఆ సభలోనే మూఢం గురించి మంచి చర్చ జరిగింది. గ్రహం సూర్యుడి వెలుగులో మునిగి కనిపించకపోవడమే మూఢం. మార్చిలో కొద్ది రోజుల్లో ముగిసిన శుక్రమూఢం, నవంబరు చివర మొదలైనది మాత్రం ఫిబ్రవరి దాకా ఎందుకు సాగుతుందని ఒకరు అడిగారు. మార్చిలో శుక్రుడు మనకూ సూర్యుడికీ మధ్యగా, మన ఆకాశంలో సూర్యుడికి ఎదురు దిశలో కదిలాడు. అందుకే త్వరగా విడిపోయారు. ఇప్పుడు సూర్యుడికి ఆవల ఉన్నాడు. ఇద్దరూ ఒకే దిశలో సాగుతుంటే శుక్రుడి వేగం కాస్తే ఎక్కువ కాబట్టి దాటిపోవడానికి నెలలు పడుతుంది.

2026 జూన్ 9న సాయంత్రపు ఆకాశంలో శుక్రుడు, గురుడు మళ్లీ దగ్గరవుతారు, వారికి దిగువన బుధుడూ ఉంటాడు. అయితే అంతకంటే ముందు చేయవలసిన పని ఒకటుంది. ఫిబ్రవరి 19న బుధుడు సూర్యుడికి తూర్పున గరిష్ఠ దూరంలో ఉంటాడు. అదే వారంలో మూఢం వదిలిన శుక్రుడు పడమట బాగా కిందుగా బయటపడతాడు. పంచాంగం చెప్పిన తేదీకి, మన కంటికి శుక్రుడు మొదట కనిపించిన సాయంత్రానికి ఎన్ని రోజుల తేడా ఉందో రాసి ఉంచాలని కార్యవర్గం నిర్ణయించింది. ఇప్పుడున్న మేడ నుంచి కొండ అడ్డు వస్తుంది. పడమర నేల అంచు దాకా కనిపించే చోటు తెలిసినవారు ఫిబ్రవరి మొదటివారంలోగా చెప్పండి. ఒక సాయంత్రం ముందుగా వెళ్లి సూర్యుడు ఎక్కడ దిగుతున్నాడో గుర్తు పెట్టుకుని రావాలి.