స్క్రిప్టుకూ ఒక యజమాని ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల మీద పత్రికల్లో వచ్చే వ్యాసాల్లో కోడింగ్, ఏఐ, ప్యాకేజీల మాటే ఎక్కువ. ఎవరికీ పట్టని ఒక సంగతి రాస్తున్నాను. నేను హైదరాబాద్‌లో ఓ కంపెనీలో రిలీజ్ పనులు, అంటే కొత్త కోడ్‌ని వాడకంలోకి తెచ్చే పనులు చూస్తాను. మా ప్రోడక్ట్ కోడ్‌లో ఒక్క లైను మారాలన్నా ఇద్దరు చూసి సరే అనాలి. ఆ కోడ్‌ని సర్వర్ల మీదికి ఎక్కించే స్క్రిప్టు (కంప్యూటర్ చెయ్యాల్సిన కమాండులు వరసగా రాసి పెట్టిన చిన్న ఫైలు) మాత్రం టీమ్ చాట్‌లో చేతులు మారుతుంటుంది. 'డిప్లాయ్ ఫైనల్', 'డిప్లాయ్ ఫైనల్ న్యూ', 'ఇదే వాడండి'. ఏది తాజాదో రాసినాయనకే తెలియాలి. ఆయనేమో నోటీస్ పీరియడ్‌లో ఉంటాడు. పని అప్పగించే కేటీ సెషన్‌లో స్క్రీన్ షేర్ చేసి, 'ఇది రన్ చేస్తే చాలు' అనేసి వెళ్లిపోతాడు. ఆయన మ్యాక్‌లో బుద్ధిగా నడిచిన, ఫైళ్లలో మాటలు మార్చే సెడ్ కమాండు లైనక్స్ సర్వర్ మీద మొరాయిస్తుందని అర్ధరాత్రి రిలీజ్ మధ్యలో తెలుస్తుంది. ఇక టెన్షన్ మాది.

స్క్రిప్టుల్నీ ఇంకొకరు చూడాలంటే, 'పది లైన్ల స్క్రిప్టుకి కూడా రివ్యూ ఏంటమ్మా' అంటారు మా లీడ్‌లు. 2015లో లైనక్స్ మీద స్టీమ్ గేమింగ్ సాఫ్ట్‌వేర్ చేసిన నిర్వాకం ఒక్క లైనుదే. తన ఫోల్డర్ అడ్రస్‌ని విలువను దాచుకునే ఒక వేరియబుల్‌లో పెట్టుకుని, అందులో ఉన్నదంతా తుడిచెయ్యమని ఆ లైను చెబుతుంది. ఫోల్డర్‌ని వేరే చోటికి మార్చుకున్న ఒకరి దగ్గర ఆ వేరియబుల్ ఖాళీగా వచ్చింది. ఫోల్డర్ అడ్రస్ పోగా మిగిలింది డిస్క్ మొదలును సూచించే గీత ఒక్కటే. దాంతో డిస్క్ మొదలు నుంచీ తుడవడం మొదలైంది, తగిలించి ఉన్న బయటి డ్రైవ్‌తో సహా. విచిత్రమేమిటంటే, ఆ లైను పైనే 'స్కేరీ!' అని కామెంట్ రాసి ఉంది. భయపడ్డారు సరే, వేరియబుల్ ఖాళీగా ఉంటే ఆగిపొమ్మని మాత్రం ఎవరూ రాయలేదు. రెండో మనిషి చూసి ఉంటే అడిగే మొదటి ప్రశ్న అదే.

2017 ఫిబ్రవరిలో అమెజాన్ వాళ్ల ఎస్3 (కంపెనీల ఫైళ్లు దాచే ఇంటర్నెట్ సర్వీసు) నాలుగు గంటలకు పైగా ఇబ్బంది పడింది కూడా కమాండుకి ఇచ్చిన ఒక ఇన్‌పుట్ తప్పడం వల్లే. తియ్యాల్సిన వాటికంటే ఎక్కువ సర్వర్లు తీసేసింది. తర్వాత వాళ్లు ఆ టూల్‌నే మార్చారు: సర్వర్లను నెమ్మదిగా తీసేలా, కనీస సామర్థ్యం కంటే కిందికి పోనివ్వకుండా. మన దగ్గరైతే ముందు ఆ కమాండు కొట్టినవాడికి మెయిల్ వెళ్లేది!

నేను అడిగేది పెద్ద ఖర్చేమీ కాదు. స్క్రిప్టులన్నీ ఒకే గిట్ రిపోలో (ఎవరు ఎప్పుడు ఏం మార్చారో గుర్తుంచుకునే ఉమ్మడి ఫోల్డర్) ఉండాలి, ప్రతిదానికీ బాధ్యుడి పేరు ఉండాలి, పాస్‌వర్డులు అందులో ఉండకూడదు. ఏదైనా తుడిచే స్క్రిప్టు అయితే, ఏమేం పోతాయో ముందు చూపించాలి. ఈ పనికి టీమ్ ముందుగా వేసుకునే పని ప్లాన్, అంటే స్ప్రింట్‌లో చోటివ్వాలి, శనివారాలు చేసుకోమనకూడదు. రిలీవింగ్ లెటర్ ఇచ్చే ముందు ల్యాప్‌టాప్, ఛార్జర్, ఐడీ కార్డు లెక్కపెట్టి తీసుకునే హెచ్‌ఆర్ వాళ్లు, ఆ ల్యాప్‌టాప్‌లో ఉండిపోయిన స్క్రిప్టుల సంగతి కూడా అదే ఫారంలో అడగాలి.

— ఒక రిలీజ్ ఇంజినీరు, మియాపూర్, హైదరాబాద్