ఎలుక పెంటికలను పొడి చీపురుతో ఊడవొద్దు

సంపాదకులకు నమస్కారం.

కొత్త వైరస్ పేరు వార్తల్లో కనిపించినప్పుడల్లా ఊళ్లో రెండు మాటలే వినపడతాయి. ఒకరు కనిపించిన జంతువునల్లా చంపేయమంటారు, ఇంకొకరు ఇదంతా ఉత్త ప్రచారమని కొట్టిపారేస్తారు. ఈ రెంటి మధ్య అసలు చేయాల్సిన పని ఎవరికీ పట్టడం లేదు. ఎలుకలు, పందికొక్కులు, చుంచెలుకలు తిరిగే చోట రోజంతా పనిచేసేది మిల్లు హమాలీలు, రేషన్ గోదాముల సిబ్బంది, అంగన్‌వాడీ ఆయాలు, పొలాల్లో ఎలుకలు పట్టే యానాదులు. ఎలుకల మూత్రం, పెంటికల ధూళితో సోకే హంటావైరస్ నుంచి ఎలా కాపాడుకోవాలో చెప్పేందుకు, ముఖ్యంగా వాళ్ల కోసమే ఈ ఉత్తరం.

ముందు చుంచెలుక సంగతి. పేరులో ఎలుక ఉన్నా అది ఎలుక జాతి కాదు. పొడుగాటి ముట్టె, కనీకనపడని కళ్లు, గోడవారన పరుగు, వెళ్లిన దారిలో వదిలే కంపు చూసి ఎవరైనా గుర్తుపడతారు. దాని తిండి బొద్దింకలు, పురుగులు. 1964లో, చిత్తూరుకు దగ్గర్లోనే ఉన్న వేలూరులో, తొట్టపాళయం అనే పేటలో పట్టిన ఒక చుంచెలుక నుంచి శాస్త్రవేత్తలు ఒక వైరస్‌ను వేరుచేశారు. అదేమిటో అప్పటికి అంతుపట్టలేదు. కొరియా యుద్ధంలో మూడు వేల మందికి పైగా సైనికులకు సోకిన రక్తస్రావ జ్వరానికి కారణమైన హంటావైరస్‌ను అక్కడి పొలం ఎలుకలో కనుక్కున్నది 1976లో. తొట్టపాళయం వైరస్ కూడా ఆ కుటుంబానిదేనని తేలడానికి ఆ తర్వాత ఇంకో పదేళ్లకు పైగా పట్టింది. ఈ వైరస్ మనుషులకు జబ్బు తెచ్చిందనడానికి గట్టి రుజువు ఇంతవరకు లేదు. కాబట్టి ఇంట్లో చుంచు కనిపిస్తే కంగారు పడొద్దు, బొద్దింకలు తినే జంతువును వెంటాడి చంపొద్దు.

ఇలాంటి వైరస్‌లు ఇంకా ఎన్నో ఉన్నాయి, ఇకముందూ దొరుకుతాయి. క్షీరద జాతుల్లో దాదాపు నలభై శాతం ఎలుకలు, ఉడతల వర్గానివే. హంటావైరస్‌లలో చాలావరకు ఒక్కో వైరస్ ఒక్కో జంతు జాతిని పట్టుకుని ఉంటుంది. ఆ జంతువుకు జబ్బు చేయదు, నెలల తరబడి దాని మూత్రంలో, పెంటికల్లో, లాలాజలంలో వైరస్ బయటికి వస్తూనే ఉంటుంది. ఎలుకలు, గబ్బిలాల్లో ప్రత్యేకమైన విషమేదో ఉందనుకోవడం కూడా సరికాదు. ఏ జంతు వర్గంలో జాతులు ఎక్కువో ఆ వర్గం నుంచే మనుషులకు సోకే వైరస్‌లూ ఎక్కువని గ్లాస్గో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో లెక్కగట్టి చూపారు. జంతువులో వైరస్ జన్యుపదార్థం దొరకడం ఒక ఎత్తు. అది మన శరీరంలోకి చేరి, మన కణాల్లోకి దూరి, లోపల పెరిగి, మన రోగనిరోధక శక్తిని తప్పించుకోవడం మరో ఎత్తు. చాలా వైరస్‌లు ఇందులో ఏదో ఒక మెట్టు దగ్గరే ఆగిపోతాయి. ఆగనివీ ఉన్నాయి. చైనాలోని షాన్‌డాంగ్, హెనాన్ రాష్ట్రాల్లో 2018 నుంచి 2021 వరకు 35 మంది జ్వరపీడితుల్లో లాంగ్యా వైరస్ బయటపడింది. వారిలో ఎక్కువమంది రైతులు. నిపాకు బంధువైన ఆ వైరస్ కోసం చుట్టుపక్కల చిన్న జంతువులను వెదికితే ప్రధానంగా చుంచు జాతుల్లోనే కనిపించింది. ఒకరి నుంచి ఒకరికి పాకిన ఆధారం మాత్రం దొరకలేదు.

ఈ మెట్లలో మన చేతిలో ఉన్నది మొదటిదే, అంటే వైరస్ మన ఒంట్లోకి రాకుండా చూడటం. హంటావైరస్ ఎక్కువగా వచ్చే దారి కరవడం కాదు, ధూళి. ఎండిన మూత్రం, పెంటికలు, గూటి చెత్త పొడిపొడిగా లేచి ముక్కులోకి పోతాయి. కాలిఫోర్నియాలో మనవాళ్లు సెలవులకు వెళ్లే యోసెమిటీ పార్కులో 2012 వేసవిలో పదిమందికి హంటావైరస్ సోకి ముగ్గురు చనిపోయారు. వారిలో తొమ్మిది మంది బస చేసినవి చలి తగలకుండా రెండు పొరల గోడలు కట్టిన గుడారాలు. ఆ రెండు పొరల సందులో అడవి ఎలుకలు గూళ్లు పెట్టుకున్నాయి. మనిషికీ ఎలుకకూ మధ్య ఉన్నది ఒక్క పలుచని గోడ.

మన దగ్గర అలాంటి సందులు గోదాముల్లో, మిల్లుల్లో, బడి వంటగదుల పక్కనున్న కొట్లలో బోలెడు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల పరిశోధకులు గోదాముల్లో పనిచేసేవారి రక్తం, ఎలుకలు పట్టే ఇరుళులు అనే గిరిజనుల రక్తం పరీక్షిస్తే కొందరిలో హంటావైరస్ యాంటీబాడీలు కనిపించాయి. అంటే ఆ కుటుంబానికి చెందిన ఏదో ఒక వైరస్ వాళ్లను ఎప్పుడో తాకి వెళ్లిందని అర్థం. పైగా సియోల్ వైరస్ అనే హంటావైరస్‌ను మోసే గోధుమరంగు ఎలుక ఓడలెక్కి ప్రపంచంలోని రేవులన్నిటికీ చేరింది.

అందుకే గది శుభ్రం చేసే తీరు మారాలి. మూసి ఉన్న కొట్టు తలుపులు, కిటికీలు తెరిచి అరగంట బయటే ఉండండి. ఆ తర్వాత చేతులకు రబ్బరు తొడుగులు, ముఖానికి ఎన్‌95 మాస్కు వేసుకుని లోపలికి వెళ్లండి. ముక్కుకు తువ్వాలు చుట్టుకుంటే సన్నని ధూళి ఆగదు. లీటరు నీటికి 15 గ్రాముల బ్లీచింగ్ పౌడర్, అంటే సుమారు మూడు టీ చెంచాలు, ఆరుబయట కలపండి. ముద్ద అడుగుకు దిగాక పైతేట తీసుకుని ఆ రోజే వాడేయండి. తెరిచి నెలలైన పౌడర్‌లో క్లోరిన్ ఎగిరిపోయి ఉంటుంది. ఘాటు లేకపోతే అది సున్నంతో సమానం. టాయిలెట్లు కడిగే యాసిడ్‌ను మాత్రం ఇందులో ఎట్టి పరిస్థితుల్లోనూ కలపొద్దు, విషవాయువు పుడుతుంది.

ఆ నీళ్లను పెంటికల మీద, గూటి మీద పూర్తిగా నానేలా మెల్లగా చల్లండి. పంపుతో గట్టిగా కొడితే అదే ధూళిని లేపుతుంది. పది నిమిషాలు నానాక పాత కాగితాలతో ఎత్తి, సంచిలో వేసి మూతి కట్టండి. చివర్లో నేలంతా తడిగుడ్డతో తుడవండి. చచ్చిన ఎలుక ఉంటే దాన్నీ ముందు తడపాలి, రెండు సంచుల్లో కట్టి లోతుగా పూడ్చాలి. తొడుగులు చేతికి ఉండగానే సబ్బుతో కడిగి, ఆ తర్వాతే తీయండి. ధాన్యం ఉన్న బస్తాల మీద ఈ నీళ్లు పడకూడదు. ఖాళీ గోతాలను కొట్టులోనే దులపడం చాలాచోట్ల అలవాటు. అన్నిటికంటే ఎక్కువ ధూళి అక్కడే లేస్తుంది. వాటిని దులపకుండా అలాగే బయటికి తెచ్చి రోజంతా మంచి ఎండలో పరిస్తే వైరస్ నిలవదు. చీకటి కొట్టులోనైతే రోజుల తరబడి ఉంటుంది.

శుభ్రం చేసి కన్నాలు వదిలేస్తే వారంలో మళ్లీ మొదటికే వస్తుంది. చిట్టెలుక దూరడానికి ఆరు మిల్లీమీటర్ల సందు చాలు, పెద్ద ఎలుకకు పన్నెండు. గుడ్డలు కుక్కితే కొరికేస్తాయి. ఇనుప పీచు దట్టించి పైన సిమెంటు పూయండి.

పొలాల సంగతి వేరు. ఎవరి చేలో వారు మందు పెడితే పక్క చేలోవి వచ్చి ఆ బొరియల్లోనే చేరతాయి. ఊరంతా ఒకేసారి చేయాలని వ్యవసాయ శాఖ చెప్పేది అందుకే. ఈరోజు బొరియలన్నీ మూసి, రేపటికి తెరుచుకున్న వాటిలోనే ఎర పెట్టాలి. 96 పాళ్ల నూకలు, 2 పాళ్ల నూనె, 2 పాళ్ల బ్రోమోడయోలోన్ అనే ఎలుకల మందు కలిపి, పది గ్రాముల చొప్పున కాగితంలో పొట్లం కట్టాలి. ఎలుకలు మూడు నాలుగు రోజులకు గానీ చావవు, మందు పనిచేయలేదని మోతాదు పెంచకండి. చచ్చినవాటిని ఏరి పూడ్చకపోతే గుడ్లగూబలు తిని చస్తాయి, మరుసటి ఏడాది ఎలుకలు ఇంకా పెరుగుతాయి. ఎలుకలు పట్టేవారికి అసలు ప్రమాదం తినడంలో లేదు, బాగా ఉడికిన మాంసంలో వైరస్ బతకదు. ఉత్త చేతుల్తో పట్టడం, కోయడం, బొరియకు ముఖం ఆనించి పొగ ఊదడం దగ్గరే ఉంది. చేత్తో తిప్పి పొగ కొట్టే యంత్రాలు, తోలు తొడుగులు వాళ్లకు ఉచితంగా ఇవ్వడం పెద్ద ఖర్చేమీ కాదు.

చివరగా వైద్యులకు, ఆరోగ్య శాఖకు ఒక విన్నపం. హంటావైరస్ జ్వరం చూడటానికి డెంగీలాగే, ఎలుక జ్వరంలాగే ఉంటుంది: తీవ్రమైన జ్వరం, నడుం నొప్పి, ప్లేట్‌లెట్లు పడిపోవడం, మూత్రంలో ప్రోటీన్, తర్వాత మూత్రం తగ్గిపోవడం. అనుమానం లేకపోతే పరీక్ష ఉండదు, పరీక్ష లేకపోతే లెక్కలో కేసు ఉండదు. డెంగీ, లెప్టోస్పైరా (ఎలుక జ్వరం), స్క్రబ్ టైఫస్ మూడూ లేవని తేలి, కిడ్నీలు దెబ్బతిన్న రోగుల నమూనాలను హంటావైరస్ పరీక్షకు పంపే ఏర్పాటు వైద్య కళాశాలల్లో వైరస్ పరీక్షలు చేసే వీఆర్‌డీఎల్ ల్యాబుల ద్వారా చేయాలి. లక్షణాలు బయటపడటానికి ఎనిమిది వారాల దాకా పట్టవచ్చు. అందుకని ఓపీ చీటీ మీద ఒక్క ప్రశ్న చేర్చండి: "గత రెండు నెలల్లో గోదాము, మిల్లు, ధాన్యం కొట్టు శుభ్రం చేశారా, ఎలుకలు పట్టారా?"

— పశువైద్యం, ప్రజారోగ్య రంగాల్లో పనిచేస్తున్న కొందరం, గుంటూరు