వేడి మీద మొరాయించే బండ్ల గురించి మా షెడ్డు నుంచి

అందరికీ నమస్కారమండీ. ఈ వేసవిలో మా షెడ్డుకొచ్చిన పాత పెట్రోల్ కార్లలో ఒకటే కంప్లయింటు మళ్లీ మళ్లీ విన్నాను. పొద్దున ఇంటి దగ్గర తాళం ఇలా తిప్పితే అలా స్టార్ట్ అవుతుంది, దారిలో టీకో కూరగాయలకో పది నిమిషాలు ఆపితే మాత్రం ఎంత సెల్ఫ్ కొట్టినా అందుకోదు, అరగంట పోయాక ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్ట్ అయిపోతుంది. ఈ పనిలో నేనొక తప్పు చేశాను, దానికి డబ్బులు కూడా తీసుకున్నాను. అది మీతో చెప్పి, ఇకమీదట ఇలాంటి బండ్లు ఎలా చూస్తామో, ఎంత తీసుకుంటామో కూడా చెబుదామని రాస్తున్నా.

మా దగ్గరకి చాలా ఏళ్లుగా వస్తున్న లెక్కల మాస్టారు ఒకాయన ఉన్నారు, రిటైరయ్యారు. బండి 2005 మోడల్, ఎంపీఎఫ్ఐ, అంటే కార్బురేటర్ కాకుండా ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే రకం. గుంటూరు వెళ్తూ మంగళగిరిలో టీకి ఆగితే కదల్లేదు. అక్కణ్ణుంచే ఫోన్ చేశారు. "ఏమయ్యా, తాళం ఆన్ చేయగానే వెనకాల రెండు సెకన్లు జుయ్‌మంటోందట, తర్వాత సెల్ఫ్ కొడుతున్నంతసేపూ ఏ చప్పుడూ లేదంటున్నాడు మా మనవడు, వెనక సీట్లో చెవి పెట్టి మరీ విన్నాడు" అన్నారు. నేనేమో సగమే విన్నా. వెనక ట్యాంకులోంచి ఇంజన్‌కి పెట్రోల్ పంపే పంపు చప్పుడు లేదు అన్న ముక్క చెవిన పడగానే, పంపు వేడికి చచ్చిపోతోంది, మార్చేద్దాం మాస్టారూ అనేశాను. మర్నాడు పొద్దున చల్లటి ఇంజన్‌తో తెచ్చారు, ఒక్క తాళానికే లేచింది, స్కానర్ పెడితే తప్పు చూపే కోడ్ ఒక్కటీ లేదు. అయినా పంపు మార్చా. పార్టూ కూలీ కలిపి 7,200.

పది రోజులకి మళ్లీ అదే చోట, అదే టీ కొట్టు దగ్గర ఆగిపోయింది.

ఈసారి మధ్యాహ్నం పూట నేనే ఆయన పక్కన కూర్చుని వెళ్లా. వారధి దాటి మంగళగిరి దాకా తోలించి, బండి ఆపించి, బోనెట్ తెరవకుండా పావుగంట కూర్చున్నాం. మాస్టారు రెండు టీలు తాగారు, నేను ఒకటి. తర్వాత సెల్ఫ్ కొడితే ఇంజన్ జోరుగానే తిరుగుతోంది కానీ అందుకోవట్లేదు, ఇంజన్ వేగం చూపే ఆర్‌పీఎమ్ ముల్లు మాత్రం సున్నా మీద నుంచి వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ప్లగ్గు తీసి చూస్తే స్పార్క్ లేదు. ఇంజెక్టర్ పిన్నుకి టెస్టు లైటు పెడితే అదీ వెలగలేదు. పంపుకి కరెంటు వస్తోందా అని చూస్తే, అదీ లేదు. అప్పుడు తట్టింది నాకు. ఇంజన్ తిరుగుతోందన్న కబురు అందకపోతే ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్, తాళం ఆన్ చేసినప్పుడు ఓ రెండు సెకన్లు పంపు తిప్పి ఆపేస్తుంది, స్పార్కూ ఇవ్వదు, పెట్రోలూ కొట్టదు. ఆ కబురు చెప్పేది క్రాంక్ సెన్సర్. మనవడు చెప్పింది అక్షరాలా అదే కదా, నేనే వినలేదు.

సెన్సర్ కనెక్టర్ ఊడదీసి మల్టీమీటరు పెడితే రీడింగే రాలేదు, ఎక్కడో తెగినట్టు. టీ కొట్టతన్ని అడిగి తడి గుడ్డ తీసుకుని దాని మీద వేసి ఐదు నిమిషాలు ఆగా, రీడింగ్ మెల్లగా వచ్చింది, కనెక్టర్ పెట్టి తాళం తిప్పితే బండి లేచింది. దాని లోపల వెంట్రుకంత రాగి తీగ చుట్టి ఉంటుంది, పాతబడ్డాక ఎక్కడో చిన్న పగులు వస్తుంది, వేడికి విడిపోతుంది, చల్లారితే అతుక్కుంటుంది. చల్లటి బండిలో ఎంత వెతికినా దొరకదు. కొత్త సెన్సర్ 1,350. పంపు పేరున తీసుకున్న 7,200 మాస్టారికి తిరిగి ఇచ్చేశాను, ఆయన వద్దన్నా సరే. పాత పంపు ఇప్పుడు నా బల్ల మీదే ఉంది, శుభ్రంగా తిరుగుతోంది.

ఆ తర్వాత మా చిట్టా పుస్తకం తిరగేశా. ఈ వేసవిలో వేడి మీద స్టార్టింగ్ ట్రబుల్ అని వచ్చినవి పదకొండు, పంపు మార్చినవి నాలుగు. వాటిలో రెండింటికి గేజ్ పెట్టి పెట్రోల్ ప్రెషర్ చూసే మార్చాం, అనుమానం లేదు. మిగిలిన రెండింట్లో ఒకటి మాస్టారిది. రెండో ఆయనకి నిన్ననే ఫోన్ చేశా, బండి బాగానే నడుస్తోందన్నారు, అయినా ఒకసారి తెమ్మన్నాను, ఊరికే చూసిపెడతా.

అన్ని బండ్లలోనూ తప్పు క్రాంక్ సెన్సర్‌దే కాదు, పెట్రోల్ ప్రెషర్ వల్ల కూడా ఇలా అవుతుంది. బండి ఆపగానే ఇంజన్‌ని చల్లబరిచే నీళ్లు తిరగడం ఆగిపోతుంది కాబట్టి ఇంజన్‌లో ఉన్న వేడంతా పైకొచ్చి, ఆపిన పది, పదిహేను నిమిషాలకి బోనెట్ కింద నడుస్తున్నప్పటికన్నా ఎక్కువ కాగుతుంది. ఇంజెక్టర్ల పైపులో ఉన్న పెట్రోల్‌కి ప్రెషర్ నిలబడితే పర్వాలేదు, అది పడిపోతే పెట్రోల్ అక్కడే మరిగి ఆవిరి బుడగలు కడుతుంది. ఈ బండ్లలో చాలావాటికి ప్రెషర్ మూడు బార్ల చుట్టుపక్కల ఉంటుంది, మోడల్‌ని బట్టి కొంచెం అటూ ఇటూ. ఆపాక అది పడిపోతోందంటే పంపులోని వెనక్కి రానివ్వని వాల్వు పోయిందా, ప్రెషర్‌ని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పొర చిరిగిందా, ఇంజెక్టర్ కారుతోందా అన్నది తేల్చుకోవాలి. రెగ్యులేటర్‌కి ఉన్న సన్న వాక్యూమ్ పైపు పీకితే లోపల పెట్రోల్ తడి కనిపిస్తే మాత్రం ఇంకేం అడగక్కర్లేదు, పొర పోయినట్టే.

ఇంజెక్టర్ కారితే కథ వేరు, పెట్రోల్ తక్కువై కాదు, ఎక్కువై స్టార్ట్ కాదు. టెంపరేచర్ సెన్సర్ అబద్ధం చెప్పినా ఇంతే. కాగిన ఇంజన్‌ని చల్లగా ఉందని చెబితే ఈసీయూ దండిగా పెట్రోల్ పోసేస్తుంది. ఈ సెన్సర్‌కి చల్లగా ఉన్నప్పుడు మామూలుగా రెండు, మూడు వేల ఓములుంటే, కాగాక కొన్ని వందలకి పడిపోవాలి. పడకపోతే పట్టేసుకోవచ్చు.

ఇక అందరూ అడిగే ఇథనాల్ సంగతి. ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోల్‌ని దృష్టిలో పెట్టుకుని పాత బండ్ల రబ్బరు పైపులు చేయలేదు, అది నిజమే, ఉబ్బి మెత్తబడ్డ పైపులు నేనూ మార్చాను. కానీ ప్రతి స్టార్టింగ్ ట్రబుల్‌నీ దాని మీదకి నెట్టడం మెకానిక్‌కి సుఖం, మీకు ఖర్చు. గేజ్ మీద ప్రెషర్ నిలబడుతుంటే ఆ మాట నేను అనను.

ఇప్పుడు మా కొత్త పద్ధతి. ఈ కంప్లయింటుతో వచ్చే బండి రోజంతా మా దగ్గర ఉండాలి, రోజుకి రెండు బండ్లే తీసుకుంటాం. గేజ్ బిగించి, తోలుకొచ్చి, బోనెట్ మూసి పావుగంట వదిలేసి, మొరాయించే దాకా మళ్లీ మళ్లీ చేస్తాం. మా కళ్ల ముందు ఆగకుండా ఒక్క పార్టూ మార్చం. దీనికి 800 తీసుకుంటాం, ఏ పార్టూ వేయకపోయినా సరే. "ఊరికే చూసినందుకు డబ్బులా" అని కొందరు అంటారని తెలుసు, కానీ ఆ చూడకపోవడం వల్లే కదా మాస్టారికి 7,200 పడింది. పని మా దగ్గరే చేయిస్తే ఆ 800 బిల్లులో తగ్గిస్తాం. మేం చెప్పింది తప్పని తేలితే పార్టూ కూలీ రెండూ మావే. పని ఒత్తిడి వల్ల శనివారాలు మాత్రం ఈ బండ్లు తీసుకోలేం.

మీరు చేయాల్సింది కొంచెమే. ఈసారి ఆగిపోయినప్పుడు, సెల్ఫ్ కొట్టకుండా తాళం ఆన్ చేసి మూడు సెకన్లు ఆగి ఆపండి, అలా మూడుసార్లు చేసి అప్పుడు కొట్టండి. వెంటనే లేస్తే ప్రెషర్ పడిపోతోందని నా అనుమానం. లేవకపోతే యాక్సిలరేటర్ పూర్తిగా కిందకి తొక్కిపట్టి కొట్టండి, చాలా బండ్లలో అలా తొక్కితే ఈసీయూ పెట్రోల్ ఆపి గాలే పంపుతుంది. దానికి దగ్గుతూ లేచి, పెట్రోల్ వాసన వచ్చి, వెనక నల్ల పొగ కక్కితే పెట్రోల్ ఎక్కువవుతున్నట్టు. రెంటికీ లేవకపోతే సెల్ఫ్ కొడుతూ ఆర్‌పీఎమ్ ముల్లు చూడండి, ముల్లు లేని బండైతే మనవణ్ణి వెనక సీట్లో కూర్చోబెట్టి పంపు చప్పుడు వినమనండి. ముల్లు కదలకపోయినా, చప్పుడు లేకపోయినా నా అనుమానం క్రాంక్ సెన్సర్ మీదే. సెల్ఫే నీరసంగా తిరుగుతుంటే ఇవన్నీ వదిలేయండి, అది బ్యాటరీయో, ఎర్తు వైరో, వేడెక్కిన సెల్ఫ్ మోటారో అయి ఉంటుంది. ఏదైనా సరే ఒక్క దెబ్బకి పది సెకన్లు మించి కొట్టొద్దు, మోటారు కాలితే అదో ఖర్చు.

ఆపాక ఎన్ని నిమిషాలకి మొరాయించింది, మళ్లీ ఎంతసేపటికి లేచింది, ట్యాంకులో పెట్రోల్ ఎంత ఉంది, ఇవి ఒక కాగితం మీద రాసి తెండి. ఫోన్‌లో చెప్పినా ఈసారి పూర్తిగా వింటా.